బింజ్ ఈటింగ్ టెస్టులో 24 వచ్చింది. ఇది జబ్బేనా? డాక్టర్లు ఎలా తేలుస్తారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీకు 31 ఏళ్లు. రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింట్లో నిలబడి, ఏది కనబడితే అది తినేస్తున్నారు. మొదలుపెట్టాక ఆగడం లేదు. ఇంట్లోవాళ్లు "కాస్త నోరు కట్టుకోలేవా" అంటున్నారు. నెట్‌లో బింజ్ ఈటింగ్ (అదుపు తప్పి అతిగా తినడం) స్కేల్ అనే టెస్టు చేస్తే 24 వచ్చింది, పక్కన "మోడరేట్" అని రాసుంది. ఇది నిజంగా జబ్బేనా, డాక్టర్లు దీన్ని ఎలా తేలుస్తారు, డైటీషియన్ దగ్గరికి వెళ్తే సరిపోతుందా అని మీ ప్రశ్నలు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ముందు గుంటూరులో, ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రాక్టీసు. తిండికి సంబంధించిన సమస్యలు నా పనిలో పెద్ద భాగం.

సూటిగా చెప్పాలంటే, 24 అనే అంకె జబ్బు ఉందని చెప్పదు, లేదనీ చెప్పదు. ఒకసారి కూర్చుని వివరంగా మాట్లాడాల్సిన అవసరం ఉందని మాత్రం చెప్తుంది. జబ్బు తేలేది ఇంటర్వ్యూలో. అందులో మేము ముఖ్యంగా చూసేవి రెండు: తిన్నది నిజంగా అసాధారణమైన మోతాదేనా, తింటున్నప్పుడు ఆపుకోగలిగే పట్టు మీ చేతిలో ఉందా. ఈ రెండిట్లో రెండోదే అసలు సంగతి. అది వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలుగా జరుగుతోందా అన్నది ఆ తర్వాత లెక్క. మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే ఆ ఇంటర్వ్యూకి వెళ్లాల్సిన వాళ్లలో మీరు కచ్చితంగా ఉన్నారు.

ఇక వివరంగా.

ఆ 24 ఎక్కడినుంచి వచ్చింది

బింజ్ ఈటింగ్ స్కేల్‌ని 1982లో గోర్మలీ, ఆయన సహచరులు తయారుచేశారు. 16 అంశాలు, ఒక్కోదాంట్లో మూడు నాలుగు వాక్యాలు, మీకు సరిపోయేదాన్ని ఎంచుకోవాలి. మొత్తం 46 మార్కులు. 17 లోపు వస్తే లేదనో స్వల్పమనో, 18 నుంచి 26 దాకా మధ్యస్థం, 27, ఆపైన తీవ్రం అని వాడుక. పాతదే అయినా పనికొచ్చే సాధనం, నేనూ వాడతాను. కానీ దాన్ని అసలు తయారుచేసింది లావుగా ఉన్నవాళ్ల కోసం. అందులో సగం అంశాలు తినే తీరు గురించైతే మిగతా సగం మనసులో కలిగే భావాల గురించి. మొదటి అంశమే తీసుకోండి, నలుగురిలో ఉన్నప్పుడు మీ ఒంటి బరువు గురించి మీకు ఎలా అనిపిస్తుందని అడుగుతుంది. మన ఇళ్లలో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా "ఏంటమ్మా, బాగా ఒళ్లు చేశావు" అన్న మాటతోనే పలకరింపు మొదలవుతుంది కదా. అలాంటి చోట పెరిగిన ఆడపిల్ల, జీవితంలో ఒక్కసారి కూడా బింజ్ చేయకపోయినా, అక్కడ మార్కులు తెచ్చేసుకుంటుంది. ఇంకో లోటు, గత నెలలో ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అనే లెక్క ఇందులో లేదు. రోగనిర్ధారణకి ఆ లెక్కే కావాలి.

అందుకే ఒకే 24 ఇద్దరికి వచ్చినా ఒకరికి జబ్బు ఉండొచ్చు, మరొకరికి ఒంటి మీద సిగ్గు, డైటింగ్ తాలూకు అపరాధభావం మాత్రమే ఉండొచ్చు. ఆ రెండో మనిషికి సాయం అక్కర్లేదని కాదు, ఆ సాయం వేరే.

"ఎక్కువ తిన్నాను" అంటే ఎంత?

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల డీఎస్ఎం-5 అనే, మానసిక జబ్బుల్ని ఎలా గుర్తించాలో చెప్పే పుస్తకం 2013లో బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ని విడి జబ్బుగా గుర్తించింది. (ఈ తీరును వైద్యపత్రికలో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే సైకియాట్రిస్టు 1959లోనే వర్ణించాడు. సొంత పేరుతో పుస్తకంలో చోటు దొరకడానికి యాభై ఏళ్లు దాటింది.) అందులో బింజ్ అంటే ఏమిటంటే, రెండు గంటల్లాంటి ఒక విడి సమయంలో, అదే పరిస్థితుల్లో ఎక్కువమంది తినగలిగేదానికంటే స్పష్టంగా ఎక్కువ తినడం, ఆ సమయంలో తిండి మీద అదుపు లేదనిపించడం. రెండూ ఉండాలి.

"అదే పరిస్థితుల్లో" అన్న మాట దగ్గర ఆగాలి. భీమవరం వైపు పెళ్లికి వెళ్లిన మనిషి బొబ్బట్లు, పులిహోర, గారెలు, రెండు రకాల బిర్యానీ, పైన పూతరేకులు తిని కదల్లేక కూర్చున్నాడనుకోండి, అది బింజ్ కాదు. ఆ బంతిలో అందరూ అంతే తిన్నారు. పైగా వడ్డించేవాళ్లు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వినరు. మొహమాటానికి తినడం, అదుపు తప్పి తినడం ఒకటి కాదు. మొహమాటంలో ఆపమని ఎదుటివాళ్లకి చెప్పలేకపోతున్నారు, అంతే. రెండోదాంట్లో ఆపమని తనకు తానే చెప్పుకున్నా చెయ్యి వినదు. అదే తిండి మంగళవారం మధ్యాహ్నం నాలుగింటికి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తలుపు వేసుకుని ఒక్కరే తింటే లెక్క మారిపోతుంది.

"చాలా తిన్నాను" అనే మాటని మేము అక్కడితో వదలం. ఒక ఉదాహరణ చెప్తాను (గుర్తుపట్టే వివరాలు మార్చాను). గచ్చిబౌలిలో పనిచేసే కుర్రాడు, బరువు మామూలే.

"నిన్న రాత్రి ఏం తిన్నారు?"
"చాలా తిన్నానండి."
"చాలా అంటే?"
"బిర్యానీ ఆర్డర్ పెట్టాను."
"సింగిలా, ఫ్యామిలీ ప్యాకా?"
"ఫ్యామిలీ ప్యాక్."
"ఎంత మిగిలింది?"
"మిగల్లేదు."
"ఆ తర్వాత?"
"ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బా ఉంది. అది. ఇంకా... బ్రెడ్డు, జామ్."
"బ్రెడ్డు ఎన్ని ముక్కలు?"
"ప్యాకెట్ అయిపోయిందండి."
"మొదటి ముద్ద నుంచి చివరి ముక్క దాకా ఎంతసేపు పట్టింది?"
"సినిమా పెట్టుకున్నాను. ఇంటర్వెల్ కూడా రాలేదు."

ఆ "ఇంకా..." దగ్గర ఆయన కాసేపు ఆగాడు. బిర్యానీ చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు, బ్రెడ్డు ప్యాకెట్ చెప్పడానికి సిగ్గు. ప్యాకెట్లు, గ్లాసులు, గరిటెలు, నిమిషాలు అని చిన్నచిన్నగా అడిగేది అందుకే. పెద్ద మాట వెనక దాక్కున్న తిండి చిన్న ప్రశ్నకి బయటికొస్తుంది. అడిగేవాళ్ల మొహంలో ఆశ్చర్యం కనబడితే మాత్రం ఆ బ్రెడ్డు ఎప్పటికీ బయటికి రాదు.

ఇప్పుడు దీనికి పూర్తి ఎదురు కేసు. ఒక స్కూల్ టీచరు. "మేడమ్, నిన్న ఘోరంగా తినేశాను" అని ఏడ్చారు. అడిగితే, తిన్నది మూడు కజ్జికాయలు. మోతాదు ఎవరికైనా మామూలే. కానీ ఒకటి తిని డబ్బా మూత పెట్టి హాల్లోకి వెళ్లారు, మళ్లీ వచ్చారు, మూత తీశారు, మళ్లీ వెళ్లారు. మూడోసారి వచ్చినప్పుడు "ఇది నేను కాదు, ఎవరో తింటున్నారు" అనిపించిందట. దీన్ని మేము సబ్జెక్టివ్ బింజ్ అంటాం. మోతాదు పెద్దది కాదు, అదుపు మాత్రం పోయింది. కుర్రాడిది ఆబ్జెక్టివ్ బింజ్, మోతాదూ పెద్దదే, అదుపూ పోయింది. పెళ్లి భోజనం ఉత్త అతితిండి, అక్కడ అదుపు పోలేదు.

డీఎస్ఎం-5 ఆబ్జెక్టివ్ బింజ్‌లనే లెక్కలోకి తీసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 (2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది) అలా పట్టుబట్టదు. మామూలు కంటే ఎక్కువగా తిన్నా, మామూలుకి భిన్నంగా తిన్నా, అదుపు పోయిందా లేదా అన్నదే దానికి ముఖ్యం. అంటే ఆ టీచరుగారు ఒక పుస్తకం ప్రకారం గీత బయట, ఇంకో పుస్తకం ప్రకారం లోపల ఉండొచ్చు. నా మాటకొస్తే ఐసీడీ-11 వైపే మొగ్గుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో బాధ తిన్న గ్రాములతో పాటు పెరగడం లేదు, పోయిన పట్టుతో పాటు పెరుగుతోంది. పరిశోధనల్లో కూడా మానసిక వేదనతో దగ్గర సంబంధం ఉన్నది మోతాదు కంటే అదుపు కోల్పోవడమే అని కనిపిస్తుంది. పిల్లల విషయంలో ఇది ఇంకా నిజం. ఎదిగే వయసులో పదమూడేళ్లవాడు ఎంత తింటే "ఎక్కువ" అని చెప్పగలం? అందుకని వాళ్ల దగ్గర మోతాదు పక్కనపెట్టి అదుపు గురించే అడుగుతాం, అదీ అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోబెట్టి.

అదుపు పోయిందని ఎలా అడుగుతారు?

"అదుపు తప్పిందా?" అని నేరుగా అడిగితే చాలామంది "లేదండి, నేనే తిన్నాను కదా" అంటారు. అందుకని చుట్టూ తిరిగి అడుగుతాను. మొదలుపెట్టకుండా ఉండగలిగేవారా? మొదలుపెట్టాక మధ్యలో ఆపగలిగేవారా? రుచి తెలుస్తోందా, లేక నోట్లోకి వెళ్తోందంతేనా? ఆకలి వేసి మొదలైందా? ఎప్పుడు, దేనివల్ల ఆగింది: కడుపు నొప్పి వల్లా, తిండి అయిపోవడం వల్లా, ఎవరైనా రావడం వల్లా?

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి, వీటి దగ్గర డాక్టర్లు కూడా పొరబడతారు.

ఒకటి, "మా ఆయన మంచినీళ్ల కోసం వంటింట్లోకి వస్తే టక్కున ఆపేస్తాను, అంటే నాకు కంట్రోల్ ఉన్నట్టే కదా" అంటారు. కాదు. మనిషి వస్తే ఆగిపోవడం చాలామందిలో ఉంటుంది, డీఎస్ఎంలో కూడా ఆ మాట రాసుంది. అదుపు పోవడమంటే నూటికి నూరుపాళ్లూ పోవాలని లేదు. ఆయన వెళ్లి పడుకున్నాక ఏం జరిగిందో చెప్పండి అని అడుగుతాను.

రెండోది, ఏళ్ల తరబడి ఇది ఉన్నవాళ్లు "అదుపు తప్పడం ఏముందండి, సాయంత్రమే ప్లాన్ చేసుకుంటాను, వచ్చేటప్పుడే కొనుక్కొస్తాను" అంటారు. ముందే అనుకుని చేస్తే అదుపులో ఉన్నట్టు పైకి అనిపిస్తుంది. అసలు వాళ్లు ఆపే ప్రయత్నమే వదిలేశారు. కొనకుండా ఇంటికి రాగలరా అని అడిగితే సంగతి తెలిసిపోతుంది. ఇది కూడా అదుపు కోల్పోవడమే.

ఈ ఒక్క అంశాన్నే కొలవడానికి లాస్ ఆఫ్ కంట్రోల్ ఓవర్ ఈటింగ్ స్కేల్ అని 2014లో వచ్చింది, 24 అంశాలు. 7 అంశాల చిన్న రూపం కూడా ఉంది. ఉందా లేదా అని కాకుండా ఎంత ఉందో చెప్పడం దీని ప్రత్యేకత. చికిత్స సాగుతున్నప్పుడు మార్పు చూడటానికి బాగుంటుంది.

బింజ్‌తో పాటు ఇంకో ఐదు లక్షణాల్లో కనీసం మూడు ఉన్నాయా అని కూడా చూస్తాం: మామూలు కంటే గబగబా తినడం, కడుపు పట్టేసి ఇబ్బందయ్యేదాకా తినడం, ఆకలి లేకపోయినా బాగా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం, దిగులు, తప్పు చేశానన్న భావం. మీరు రాసిన నాలుగు లైన్లలోనే ఒంటరిగా తినడం కనిపిస్తోంది, మిగతావి అడగాలి.

లెక్క: క్యాలెండర్, డైరీ

ఇంటర్వ్యూల్లో పెద్దన్నగా చెప్పుకునేది ఈటింగ్ డిజార్డర్ ఎగ్జామినేషన్, క్లుప్తంగా ఈడీఈ. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ బృందం నుంచి వచ్చింది. ఇందులో గత 28 రోజుల్ని క్యాలెండర్ మీద పెట్టి, రోజురోజునీ తిరగేస్తారు. దీనికే ప్రశ్నపత్రం రూపం, ఈడీఈ-క్యూ, 1994లో వచ్చింది. ఇప్పటి రూపంలో 28 ప్రశ్నలు. ఎన్నిసార్లు బాగా ఎక్కువ తిన్నారు, అందులో ఎన్నిసార్లు అదుపు తప్పింది, ఎన్ని రోజులు అలా జరిగింది అని విడివిడిగా అంకెలు అడుగుతుంది. చిక్కేమిటంటే, సొంతంగా నింపితే "బాగా ఎక్కువ" అన్నదాన్ని ఎవరికి వాళ్లు తమ కొలతతోనే చూసుకుంటారు. అందుకే బింజ్‌ల లెక్క దగ్గర ప్రశ్నపత్రానికి, ఇంటర్వ్యూకి మధ్య తేడా వస్తుంటుంది. టీచరుగారు తన కజ్జికాయల్ని అందులో రాసేస్తారు, కుర్రాడు తన ఫ్యామిలీ ప్యాక్‌ని "మామూలే" అని వదిలేస్తాడు.

నా దగ్గర క్యాలెండర్ అంటే మన క్యాలెండరే, గోడకి తగిలించే తిథులున్నది. తేదీలు అడిగితే ఎవరికీ గుర్తుండవు. ఏకాదశి ఉపవాసం, జీతం పడిన రోజు, అత్తగారు ఊరు వెళ్లిన వారం, పిల్లల పరీక్షలు, నెలసరి తేదీలు, ఇవి గుర్తుంటాయి. వాటి చుట్టూ మేకులు కొట్టుకుంటూ వెళ్తే నెల మొత్తం బయటపడుతుంది. నెలసరికి ముందు రోజుల్లో బింజ్‌లు పెరగడం తరచూ కనిపిస్తుంది, కాబట్టి ఆ తేదీలు తప్పనిసరిగా అడుగుతాను. ఆ తర్వాత, దీనికి ముందు రెండు నెలలు కూడా ఇలాగేనా అని చూస్తాం. వారానికి సగటున ఒకటి నుంచి మూడు అయితే స్వల్పం, నాలుగు నుంచి ఏడు మధ్యస్థం, ఎనిమిది నుంచి పదమూడు తీవ్రం, పద్నాలుగు, ఆపైన అతితీవ్రం అని డీఎస్ఎం-5 కొలత. మీ టెస్టులో వచ్చిన "మోడరేట్"కి, ఈ మధ్యస్థానికి సంబంధం లేదు, కలిపి చూసుకోకండి.

జ్ఞాపకం మీద ఆధారపడకుండా ఉండాలంటే డైరీ. తిన్న వెంటనే రాయాలి, పడుకునే ముందు కాదు. టైము, ఏం తిన్నారు, ఎక్కడ (మంచం మీదా, వంటింట్లో నిలబడా), ఇది ఎక్కువైందని మీకు అనిపిస్తే పక్కన ఒక చుక్క గుర్తు, ఆ ముందు ఏం జరిగింది. క్యాలరీలు వద్దు. క్యాలరీలు రాయమంటే మనసు తిండి మీదికి ఇంకా ఎక్కుతుంది, పైగా అంకె పెద్దదైతే రాయడమే మానేస్తారు. పుస్తకంలో రాస్తే ఇంట్లో ఎవరో ఒకరు చదువుతారన్న భయం మన ఉమ్మడి ఇళ్లలో నిజమైనదే. ఫోన్లో లాక్ ఉన్న నోట్స్‌లో రాయండి. వంటింట్లో అంతా కలిసి వండి, గిన్నెలోంచి గిన్నెలోకి రుచి చూసే ఇళ్లలో "ఎంత తిన్నాను" అన్నది చెప్పడం కష్టం. అప్పుడు తినకముందు, తిన్నాక గిన్నె ఫోటో తీయమంటాను.

రాయడం మొదలుపెట్టగానే కొందరికి బింజ్‌లు తగ్గుతాయి. సంతోషమే. కానీ ఆ మొదటి వారాన్ని చూసి "నాకేం లేదు" అనుకోకండి. పరిశోధకులు వాడే ఇంకో పద్ధతిలో ఫోనే రోజుకి కొన్నిసార్లు మోగి, ఇప్పుడు ఎలా ఉన్నారు, ఇందాక ఏం తిన్నారు, అదుపు తప్పిందా అని అడుగుతుంది. మూడ్ పడిపోవడం ముందా, తినడం ముందా అన్నది దీంట్లో బాగా తెలుస్తుంది. ల్యాబులో రకరకాల తిండి ముందుపెట్టి "ఇష్టం వచ్చినంత తినండి" అని తూకం వేసే పద్ధతి కూడా ఉంది. ఒకే బరువున్నవాళ్లలో కూడా ఈ జబ్బు ఉన్నవాళ్లు లేనివాళ్ల కంటే ఎక్కువ తింటారని దానివల్లే రూఢి అయింది. మీకు అదేమీ అవసరం లేదు.

బింజ్‌లా కనిపించే ఇతర సంగతులు

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. రాత్రిపూట తినడం అన్నారు కాబట్టి మీకు ఇది ముఖ్యం.

తిన్నదాన్ని దిద్దుకోవడానికి ఏమైనా చేస్తున్నారా? వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు, మర్నాడంతా తిండి మానేయడం, ఒళ్లు హూనమయ్యేలా వ్యాయామం, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లయితే ఇన్సులిన్ ఎగ్గొట్టడం. ఇవి క్రమం తప్పకుండా ఉంటే అది బులీమియా (బింజ్ చేసి, దాన్ని ఇలా దిద్దుకునే జబ్బు) వైపు వెళ్తుంది, చికిత్స, ప్రమాదం రెండూ మారతాయి. ఉపవాసం గురించి నేను విడిగా అడుగుతాను. శనివారం ఉపవాసం చిన్నప్పటి నుంచి ఉందా, లేక శుక్రవారం రాత్రి బింజ్‌ల తర్వాత మొదలైందా? రెండోదైతే అది భక్తి లెక్కలో రాదు.

నిద్రలోంచి లేచి తింటున్నారా? నైట్ ఈటింగ్ సిండ్రోమ్ వేరే సంగతి, దాన్ని స్టంకార్డే 1955లో వర్ణించాడు. అందులో రాత్రి లేచి, తింటే గాని నిద్ర పట్టదన్నట్టు తింటారు, మోతాదు పెద్దది కాకపోవచ్చు. పొద్దున ఆకలి ఉండదు. పొద్దున లేచి చూస్తే వంటింట్లో గిన్నెలు చిందరవందరగా ఉండి, ఏమీ గుర్తులేకపోతే అది నిద్రకు సంబంధించిన సమస్య. జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రలు వాడేవాళ్లలో అలా జరగవచ్చు, వెంటనే డాక్టరుకి చెప్పాలి.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్. గ్లిమెపిరైడ్ వాడే ఒక పెద్దావిడని "తిండిపిచ్చి" అని కొడుకు తీసుకొచ్చాడు. అర్ధరాత్రి చెమటలు పట్టి, చేతులు వణికి, బెల్లం డబ్బా పట్టుకుంటున్నారు. ఆ సమయంలో గ్లూకోమీటర్‌తో చూడమన్నాను. షుగర్ పడిపోతోంది. ఆమెకి కావాల్సింది సైకాలజిస్టు కాదు, మందు మోతాదు సరిచేసే డాక్టరు. అలాగే మానసిక సమస్యలకి వాడే ఒలాంజపిన్, మిర్టాజపిన్, ఇంకా స్టెరాయిడ్లు ఆకలి పెంచుతాయి. ఆకలి కోసమని, ఒళ్లు రావడం కోసమని మందుల షాపులో ఇచ్చే కొన్ని సిరప్‌లలో సైప్రోహెప్టడిన్ ఉంటుంది, అదీ అంతే. అందుకే వాడే ప్రతి మందు పేరూ అడుగుతాం, హోమియో, ఆయుర్వేదంతో సహా.

డిప్రెషన్ కూడా చూడాలి. క్లినిక్‌లలో వాడే పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నపత్రంలో ఆకలి తగ్గడం, అతిగా తినడం రెండూ ఒకే ప్రశ్నలో ఉంటాయి. అంకె చూసి వదిలేస్తే ఏది ఉందో తెలియదు, నోటితో అడగాల్సిందే. మద్యం, ఏడీహెచ్‌డీ, పీసీఓఎస్ (ఆడవాళ్లలో వచ్చే హార్మోన్ సమస్య) గురించి కూడా అడుగుతాం. స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల టెస్టు ఒకటి 1999 నుంచి బాగా వాడుకలో ఉంది, అది ముఖ్యంగా అనొరెక్సియా (లావవుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే జబ్బు), బులీమియాలని పట్టడానికి చేసింది. అందులో మీకు తక్కువ వచ్చినా బింజ్ ఈటింగ్ లేదని అర్థం కాదు.

ఇంకో మాట, బరువు. ఈ జబ్బు నిర్ధారణకి బరువు షరతు లేదు. సన్నగా ఉన్నవాళ్లకీ ఉంటుంది, మగవాళ్లకీ ఉంటుంది. లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి ఇది లేదు. వేయింగ్ మెషీన్ మీద నిలబెట్టి ఈ జబ్బు ఉందో లేదో చెప్పేవాళ్లని నమ్మొద్దు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు గానీ, సైకియాట్రిస్టు గానీ. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. వాంతులు చేసుకుంటూ నీరసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే పొటాషియం పడిపోయి ఉండొచ్చు, అది ఆ రోజే హాస్పిటల్‌లో చూపించుకోవాల్సిన విషయం. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా అంతే, ఆగకండి.

డైటీషియన్ అక్కర్లేదని చెప్పను, మంచి డైటీషియన్ మాకు తోడు. కానీ ఈ పరీక్ష జరగకముందే "రాత్రి భోజనం మానేయండి, అన్నం ముట్టకండి" అనే ప్లాన్ చేతికొస్తే జాగ్రత్త. మధ్యాహ్నం ఒక పుల్కాతో సరిపెట్టుకుని సాయంత్రం అంతా ఆకలితో ఉన్న మనిషి రాత్రి పదకొండింటికి వంటింట్లో ఎందుకు నిలబడిందో చెప్పడానికి పెద్ద సైకాలజీ అక్కర్లేదు. మీ డైరీలో మొదట నేను వెతికేది ఇదే: పగలు ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉన్నారు. డైటీషియన్ దగ్గరికి వెళ్తే బింజ్‌ల సంగతి దాచకుండా చెప్పండి.

మీ భర్తని తీసుకెళ్లాలా అన్నది మీ ఇష్టం. నేనైతే మొదటి సగం మిమ్మల్ని ఒక్కరినే కూర్చోబెడతాను. "ఎంత తిన్నారు" అన్న ప్రశ్నకి పక్కన ఇంట్లోవాళ్లు ఉంటే ఒక జవాబు, లేకపోతే ఇంకో జవాబు వస్తుంది. వెళ్లేటప్పుడు ఒక వారం డైరీ, వాడే మందుల కవర్లు, ఉంటే ఇటీవలి షుగర్, థైరాయిడ్ రిపోర్టులు పట్టుకెళ్లండి. ఆ 24 స్క్రీన్‌షాట్ కూడా చూపించండి. మొత్తం మార్కు కంటే మీరు ఏ వాక్యాలకి టిక్ పెట్టారో అది మాకు ఎక్కువ పనికొస్తుంది.

ఆ టెస్టుని రోజూ చేసి చూసుకోవడం మాత్రం ఆపండి. చికిత్స మొదలయ్యాక నాలుగు వారాలకొకసారి చేస్తే చాలు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సాధారణంగా ముందు బింజ్‌ల సంఖ్య తగ్గుతుంది, తప్పు చేశానన్న భావం తర్వాత తగ్గుతుంది, బరువు కదిలితే అన్నిటికంటే ఆఖరున, కొందరిలో కదలదు కూడా. కాబట్టి రెండో నెలలో 24 కాస్తా 21 అయితే పెద్దగా తగ్గలేదని దిగులుపడి మానేయకండి. డైరీలో చుక్క గుర్తులు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టి డాక్టరుకి చూపించండి. మందులేమైనా వాడుతుంటే వాటి పేర్లు ఇక్కడ రాయండి, ఆకలి పెంచేవి ఉన్నాయేమో చెప్తాను.